ఎడమ చెంప మీద పుట్టుమచ్చ

పదో తరగతి పాసైనా ఫెయిలైనా, మనవైపు బడి మొహం చూసిన ప్రతి మనిషికీ ఒక్క ఇంగ్లీషు వాక్యం మాత్రం నిద్రలో లేపి అడిగినా వచ్చి తీరుతుంది. ‘ఎ మోల్ ఆన్ ద లెఫ్ట్ చీక్.’ ఎడమ చెంప కాకపోతే కుడి మోచెయ్యి, అదీ కాకపోతే మెడ. ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు వెతికి హెడ్మాస్టరుకు చూపించి, రిజిస్టరులో రాయించుకోనిదే మనల్ని మనమని సర్కారు ఒప్పుకోదు కదా! రాయచోటి పక్క పల్లెలో పుట్టిన రమీజాకు ఇంగ్లీషులో వచ్చినవి ఇరవై రెండు మార్కులే గాని, ఆ ఒక్క వాక్యం మాత్రం అక్షరం పొల్లుపోకుండా వచ్చు.

అందుకే ఆ ఆదివారం పొద్దున, ఖతర్ దేశంలో, అల్ ఘర్రాఫాలో తాను ఇంటిపని చేసే విల్లాలో నోరా మేడం చదువుకునే గదిలో బల్ల తుడుస్తూ ఉండగా ఆ వాక్యం కంటపడేసరికి, చేతిలో గుడ్డ ఉన్నచోటే ఆగిపోయింది.

ఏదో పాత కాయితానికి తీసిన ఫొటో అది. అంతా గొలుసుకట్టు రాత, ఆమెకు కొరుకుడు పడలేదు. పక్కనే దాన్నే విడమరిచి శుభ్రంగా టైపు చేసిన ఇంకో కాయితం ఉంది. నేమ్, ఏజ్, హైట్, మ్యారీడ్. కింద, మోల్ ఆన్ లెఫ్ట్ చీక్. అన్నిటికీ పైన పెద్దక్షరాల్లో, అలియాస్. దానికి అటూ ఇటూ ఉన్న పేర్లు ఆమె కంటికి ఆననే లేదు.

అలియాస్ అంటే తెలియనిదెవరికి? దొంగలకూ హంతకులకూ తప్ప పేపరువాళ్ళు ఆ మాట ఇంకెవరికి రాస్తారు? రమీజా చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ చెంప మీదికి పోయింది. మచ్చ అక్కడే ఉంది, మిరియపు గింజంత, ఎక్కడికీ పోలేదు.

‘దొరికిపోతి’ అనుకుంది.

ఎందుకంటే ఆ ఇంట్లో ఆమె రమీజా కాదు, ఖమర్ సుల్తానా. పాస్‌పోర్టు మీద ఆ పేరే, ఖతర్ కార్డు మీదా ఆ పేరే. వయసు ముప్పై ఆరు, భర్త పేరు మొహియుద్దీన్. అసలు సంగతేమిటంటే ఆమెకు ఇరవై ఏడు నిండలేదు, పెళ్ళి కాలేదు, ఆ మొహియుద్దీన్ ఆమెకు సొంత బావ. ఖమర్ సుల్తానా ఆమె అక్క.

ఐదేళ్ళ కిందట వీసా వచ్చింది అక్కకే. తీరా బయల్దేరే ముందు బావ ఆటో బోల్తాపడి నడుము విరగ్గొట్టుకుని మంచం పట్టాడు. మంచంలో మొగుణ్ణి వదిలి అక్క ఎట్లా పోతుంది? రమీజా పోదామంటే ముప్పై నిండని ఆడమనిషిని ఇంటిపనికి పంపకూడదని మన సర్కారు రూలు. అప్పుడు షఫీ అనే ఏజెంటు అక్కచెల్లెళ్ళిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, పాస్‌పోర్టు ఫొటో ఒకసారి, వీళ్ళ మొహాలొకసారి చూసి, “ముక్కూ మొహమూ ఒకటే అచ్చు. తొమ్మిదేండ్లు తేడా ఎవడు చూస్తాడు? ఎయిర్‌పోర్టులో పిలిస్తే పలుకు, అంతే” అన్నాడు. రమీజా పలికింది. ఆనాటినుంచీ పలుకుతూనే ఉంది.

అంతవరకైతే ఏదో అనుకోవచ్చు. కానీ నాలుగు నెలల కిందట ఆ అసలు ఖమర్ కాస్తా పచ్చకామెర్లు ముదిరి వారం రోజుల్లో కన్నుమూసింది. బావ ఫోన్ చేసినప్పుడు రమీజా వంటింట్లో కోడి ముక్కలు కడుగుతోంది. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది, హాల్లోంచి మేడం పిలిచింది: “ఖమర్! ఖమర్!” పోయిన మనిషి పేరు పెట్టి పిలుస్తుంటే పలకాల్సి వచ్చింది. ఏడిస్తే ఎవరు పోయారని అడుగుతారు. ఏమని చెప్పాలి? ఖమర్ పోయిందని ఖమరే చెప్పాలా? ఆ ఏడుపు గొంతులో అడ్డంగా నిలబడిపోయి, ఈ నాలుగు నెలలూ కిందికీ దిగలేదు, పైకీ రాలేదు.

ఊళ్ళో కూడా చావు రాయించవద్దని షఫీ కట్టడి చేశాడు. రాయిస్తే ఇక్కడ రమీజా బతుకు బజారున పడుతుందట. అందుకని అక్క సమాధి మీద పేరు రాయి కూడా లేదు. అక్క కూతురు పర్వీన్ కడపలో నర్సింగు చదువుతోంది. ఈ డ్యూటీ పోతే ఆ పిల్ల చదువు ఆరోజే ఆగుతుంది. జైలు సంగతి సరేసరి. ఇదీ రమీజా గుండెల మీది కుంపటి. దాని మీద ఇప్పుడు ఈ పుట్టుమచ్చ కాయితమొకటి వచ్చి పడింది.

ఒకసారి అనుమానం లోపలికి వచ్చిందంటే ఇల్లంతా దానిదే. మేడం అంతకుముందు ఎన్నిసార్లు తనవైపు చూసిందో, ఎందుకు చూసిందో, రమీజా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. నోరా మేడం ఆస్ట్రేలియా మనిషి. భర్తకు సముద్రంలో గ్యాసు బావుల దగ్గర డ్యూటీ, నెలకు పది రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఈమె బడిపంతులమ్మ పని మానేసి రెండేళ్ళుగా ఏదో పుస్తకం రాస్తోంది. పుస్తకం అంటే పుస్తకమేననుకుంది ఇన్నాళ్ళూ పిచ్చిమొహం రమీజా!

మంగళవారం మేడం టేపు పట్టుకొని వచ్చింది. “ఖమర్, కమ్, కమ్” అని తలుపు దగ్గరికి లాక్కెళ్ళి, వీపు ఆనించి నిలబెట్టి, నెత్తి మీద పెన్సిలుతో గీత గీసింది. కొలిచింది. ఐదడుగుల ఒక అంగుళం. అంతే, చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టి “ఎగ్జాక్ట్‌లీ!” అని అరిచింది. ఆ గీతవంక చూసి, రమీజాను చూసి, మళ్ళీ గీతను చూసి మురిసిపోయింది.

రమీజాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అక్క ఐదడుగుల నాలుగు. పోలీసువాళ్ళు తప్ప మనిషి ఎత్తు ఎవరు కొలుస్తారు? కొలిచి ఎవరు సంతోషిస్తారు?

బుధవారం మేడం పాస్‌పోర్టు అడిగింది. కార్డు రెన్యువల్ ఉందట. ట్రంకు పెట్టె అడుగునుంచి తీసి ఇచ్చింది రమీజా, ఇవ్వక చస్తుందా! మేడం ఫొటో చూసింది. తలెత్తి మొహం చూసింది. “నువ్వు ఏటికేడూ చిన్నదానివైపోతున్నావు ఖమర్. ఏమిటి నీ సీక్రెట్?” అని నవ్వింది. రమీజా కూడా నవ్వింది. ఆ నవ్వు నవ్వడానికి పడిన కష్టం ఐదేళ్ళ ఇంటిచాకిరీలో పడలేదు.

ఇక శుక్రవారం. శుక్రవారం జెరూషా వచ్చే రోజు. గుడివాడ పిల్ల, ఇక్కడ ఒక బడి ఆఫీసులో పని చేస్తుంది. మెసైమీర్‌లో చర్చి ముగించుకొని, తెల్లచీరతో అట్నుంచి అటే వచ్చి, మేడం పాత కాయితాలన్నీ ల్యాప్‌టాప్‌లో టైపు చేసి సాయంత్రం వెళ్ళిపోతుంది. ఆమెకు ముప్పై రెండు. అయినా కార్డు మీది లెక్కన రమీజాను “అక్కా, అక్కా” అంటుంది. తనకన్నా ఐదేళ్ళ పెద్దది అక్కా అంటుంటే రమీజాకు ప్రతిసారీ మెడ వెనక ఎవరో గిల్లినట్టుండేది. ఆ శుక్రవారం మాత్రం ఇంకోలా అనిపించింది. టైపు చేసేది ఈమే. అంటే ఆ కాయితం రాసిందీ ఈమే. తెలుగుదై ఉండి తెలుగుదాని కొంప ముంచుతోందన్నమాట!

మేడం స్నానానికి వెళ్ళిన సందు చూసుకొని, ఏలకులు దంచి చిక్కటి టీ పెట్టి వంటింట్లో కూర్చోబెట్టింది జెరూషాను. నిదానంగానే అడుగుదామనుకుంది. నోరు ఆగితే కదా.

“జెరూషమ్మా, నాకు సదువు రాదని అనుకోవద్దు. ఆ కాయితంలో మచ్చ గురించి రాసుండారే, అది ఎవరి మచ్చ?”

జెరూషా టీ ఊదుకుంటూ నవ్వింది. “అదా! నువ్వూ చూశావా? దొంగదక్కా ఆ మచ్చ.”

రమీజా చేతిలోని పట్టకారు సింకులో పడింది.

“మేడం గారి ముత్తాతకి ముత్తాత ఒకాయన ఉన్నాడులే, ఆయనది. ఆవిడ రాసేదంతా ఆయన కథే. రెండొందల ఏళ్ళ కిందటి మాట. ఇంగ్లండు పక్కనే ఐర్లండని చిన్న దేశం. అక్కడ డెనిస్ అని ఒక కుర్రాడు ఆకలికి ఆగలేక గొర్రెని దొంగిలించాడు. ఒక్కటంటే ఒక్క గొర్రె. జడ్జి గారు యావజ్జీవం వేసి ఓడ ఎక్కించేశారు. మనకి అండమాన్ లేదూ, అలా వాళ్ళకి ఆస్ట్రేలియా.”

“ఒక్క గొర్రెకు బతుకంతానా!”

“బతుకంతా. నాలుగు నెలల ప్రయాణం, కాళ్ళకి గొలుసులు. పక్కన పడుకునేవాడు టిమొతీ, వాడిదీ అదే జిల్లా. కానీ వాడికి పడింది ఏడేళ్ళే. పాపం వాడికి దారిలో జ్వరమొచ్చి పోయాడు. తెల్లారి పేర్లు పిలుస్తుంటే ‘టిమొతీ’ అన్నారంట. మన డెనిస్ చెయ్యెత్తాడు.”

రమీజా గోడకు ఆనుకుంది. “ఏమిటికి?”

“ఏమిటికేంటక్కా! వీడిది యావజ్జీవం, వాడిది ఏడేళ్ళు. పేరు మారిస్తే ఎప్పటికైనా బయటపడతాడు కదా. చుట్టుపక్కలవాళ్ళు నోరు మెదపలేదు. పోయింది డెనిస్ అని రాసేసుకుని శవాన్ని సముద్రంలోకి వదిలేశారు. ఊళ్ళో తల్లికి నీ కొడుకు పోయాడని కబురెళ్ళింది. ఆవిడ ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. ఒడ్డుకి చేరాక రాసిన కాయితమే నువ్వు చూసింది. పారిపోతే పట్టుకోవడానికి ఒళ్ళంతా వెతికి రాసేవారట. ఎత్తు, కళ్ళ రంగు, మచ్చలు. పేరు టిమొతీది, మచ్చ మాత్రం డెనిస్‌ది.”

“పెండ్లయినట్టు రాసుండాదే?”

“అక్కడే వచ్చి పడింది తంటా. పెళ్ళాం ఉంది టిమొతీకి. గొర్రె దొంగ చేత అక్కడా గొర్రెలే కాయించారు, అది చూడు! కాసుకుంటా ఐదేళ్ళు గడిపాడు. అక్కడే ఒక పిల్ల నచ్చింది. ఖైదీలు పెళ్ళాడాలంటే దొరలు పర్మిషన్ ఇవ్వాలి. ‘నీకు ఊళ్ళో పెళ్ళాం ఉందిగా, కుదరదు పొమ్మ’న్నారు. ఇంకో రెండేళ్ళు నోరు మూసుకుంటే హాయిగా బయటపడేవాడు. మూసుకోలేదు. మేజిస్ట్రేటు దగ్గరికెళ్ళి, నేను టిమొతీని కాదు బాబూ, డెనిస్‌ని అని చెప్పేశాడు.”

“చెప్పేసినాడా!”

“చెప్పేశాడు. యాభై కొరడా దెబ్బలు కొట్టారు. యావజ్జీవం మళ్ళీ నెత్తికెక్కింది. కానీ పెళ్ళికి ఒప్పుకున్నారు. అప్పుడు రాశారు కాయితం పైన, డెనిస్ అలియాస్ టిమొతీ అని. ఆ పెళ్ళి సంతతే మన మేడం. నీ ఎత్తు కొలిచారంటగా? ఆయనా ఐదడుగుల ఒక అంగుళమే. పక్కన నిలబడితే ఎంతుండేవాడో చూసుకోవాలని ముచ్చటపడ్డారు.” జెరూషా గ్లాసు కింద పెట్టి, రమీజా చెంప కేసి చూసి నవ్వింది. “నీకూ అక్కడే ఉందే మచ్చ! నీ టీసీలో కూడా ఇదేనా రాసింది?”

ఇంకొకరైతే అమ్మయ్య అనుకొని ఆ రాత్రి సుఖంగా నిద్రపోయేవారు. రమీజా అలా అనుకోలేదు. పేరు మార్చుకోవడమట, పోయినవాళ్ళ పేరుతో బతకడమట, కాయితం మీద తప్ప లేని పెళ్ళట, ఎడమ చెంప మీద మచ్చట! ఎవరో పనిగట్టుకొని అతికితే తప్ప ఇంత బాగా అతుకుతుందా? చివర్లో ఆ ‘చెప్పేశాడు’ ఒకటి. ఎందుకు చెప్పినట్టు ఆ కథ? చెప్పించడానికే చెప్పినట్టు.

ఇట్లాంటిది ఆమె చిన్నప్పుడే చూసింది. మంత్రించిన బియ్యం ఇదే మరి.

రమీజాకు ఎనిమిదేళ్ళప్పుడు ఎదురింటి సీతాలక్ష్మమ్మ ముక్కుపుడక పోయింది. బావి గట్టు మీద స్నానానికి తీసిపెడితే మాయమైంది. వీధిలో పిల్లలందర్నీ వరసగా కూర్చోబెట్టి, దర్గా దగ్గరి ఫకీరు తాతను పిలిపించారు. ఆయన బియ్యం మీద ఏదో చదివి, ఊది, తలా ఒక గుప్పెడు ఇచ్చి నమలమన్నాడు. తీసినవాళ్ళ నోట్లో తడి ఉండదు, బియ్యం పొడిపొడిగా వస్తాయి. తీయనివాళ్ళకు మెత్తగా పాలలాగా వస్తాయి. ముక్కుపుడక రమీజా పలకల సంచిలోనే ఉంది. మెరుస్తోందని తీసింది, అంతే, దొంగతనమని కూడా తెలియదు. నోట్లో బియ్యం ఇసకలాగా అటూ ఇటూ దొర్లుతున్నాయి. ఎంత నమిలినా తడి అన్నదే లేదు. ఫకీరు తాత ఒక్కొక్కరి దోసిట్లో ఉమ్మించుకుంటూ దగ్గరికొస్తున్నాడు. పక్కన కూర్చున్న అక్క ఆమె మొహం ఒక్కసారి చూసింది. లేచి, నమలని బియ్యం నేలమీద ఉమ్మేసి, “నేనే తీసినా” అంది.

పదిహేడేళ్ళ పిల్ల, అప్పుడే సంబంధం కుదిరింది. నాన్న చింతబరికెతో కొట్టాడు. ఆ సంబంధం తప్పిపోయే దాకా వచ్చింది. అక్క మాత్రం చచ్చేదాకా ఎవరితోనూ ఒక్క మాట అనలేదు, రమీజాతో కూడా. దొంగపేరు అట్లా మోసిన మనిషి పేరు ఇప్పుడు రమీజా మోస్తోంది.

ఆ వారమంతా రమీజా దొంగకు తేలు కుట్టినట్టే తిరిగింది. మేడం ఫోన్‌లో గొంతు తగ్గిస్తే తన గురించే అనుకుంది. వీధిలో బండి ఆగితే పోలీసే అనుకుంది. పాస్‌పోర్టు తిరిగి చేతికి వచ్చింది, కార్డు రెన్యువల్ కూడా అయింది. దానికీ ఒక అర్థం తీసింది: ‘నమ్మకంగా ఉండనిచ్చి పట్టుకుందామని.’ పర్వీన్ వీడియో కాల్ చేసి “పిన్నమ్మా, చిక్కిపోయినావే” అంటే, పేరు పెట్టకుండా పిన్నమ్మా అన్నందుకు ఆ పిల్లకు మనసులోనే దండం పెట్టుకుంది.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. సాయంత్రం ఐదింటికి మేడం స్నేహితులు వస్తారు. పుస్తకం పూర్తయిందట, అందుకని చిన్న విందు. అల్ రువైస్ రేవు నుంచి తెప్పించిన చేపకు మసాలా పట్టించి, సమోసాలు చుట్టి పెట్టి, రమీజా చేతులు కడుక్కుంటుండగా మేడం పిలిచింది.

హాల్లో జెరూషా ఉంది. నేలమీద పెద్ద ఫ్రేమొకటి గోడకు ఆనించి ఉంది. బంగారు రంగు అంచు, లోపల ఆ పాత కాయితం ఫొటో. అలియాస్, మచ్చ, అన్నీ అద్దం కింద నిగనిగలాడుతున్నాయి. మక్కా బొమ్మకో, పెళ్ళి ఫొటోకో కట్టిస్తారు అట్లాంటి ఫ్రేము. దొంగకు కట్టించింది ఈమె!

మేడం, రమీజా చెరో వైపు పట్టి ఎత్తారు. జెరూషా దూరంగా నిలబడి “కొంచెం ఎడమకి... ఇంకొంచెం... చాలు చాలు” అంది. మేకుకు తగిలింది. మేడం రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. చూసుకుంటూ ఉండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏదో గబగబా అంది. జెరూషా తెలుగులో చెప్పింది: “అబద్ధంతోనే ఉండుంటే రెండేళ్ళలో బయటపడేవాడు, నిజం చెప్పి దెబ్బలు తిన్నాడు, ఆయన రక్తం నాలో ఉన్నందుకు నాకెంతో గర్వంగా ఉంది అంటున్నారు.”

మేడం కళ్ళు తుడుచుకొని, పక్కనున్న రమీజా భుజం మీద చెయ్యేసింది. “ట్రూత్, ఖమర్,” అంది ఆప్యాయంగా, “ట్రూత్!”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. ఇక్కడ తడుముకోవాల్సిన పని కూడా లేకపోయింది, చెయ్యి వచ్చి భుజం మీదే పడింది. రమీజా నోరు పిడచగట్టుకుపోయింది. నాలుక మీద ఆనాటి బియ్యం మళ్ళీ దొర్లాయి. ఈమెకు అంతా తెలుసు. తెలిసి కూడా తిట్టడం లేదు, కొట్టడం లేదు, చెప్పమని కన్నీళ్ళతో అడుగుతోంది. దొంగతాతనే గోడకెక్కించి పూజ చేసుకునే మనిషి, తనను మాత్రం అర్థం చేసుకోదా? పక్కన లేచి నిలబడి నేనే తీశానని చెప్పడానికి అక్క కూడా లేదు. ఈసారి తానే చెప్పాలి.

“మేడం,” అంది. గొంతు తనది కానట్టు వినపడింది. “ఐ నాట్ ఖమర్. ఐ రమీజా. ఖమర్ మై సిస్టర్. ఖమర్ డెడ్, మేడం. ఫోర్ మంత్స్.”

భుజం మీది చెయ్యి మెల్లగా జారింది. మేడం మొహంలో తెలిసిన గుర్తు ఒక్కటంటే ఒక్కటి లేదు. వట్టి ఆశ్చర్యం, దాని వెనకనే భయం. అప్పుడు అర్థమైంది రమీజాకు, ఈమెకు ఏమీ తెలియదు. ఏనాడూ తెలియదు. మచ్చ ఆ డెనిస్‌దే, కథ ఆ డెనిస్‌దే, కొలత కూడా వాడిదే. తన గొయ్యి తానే తవ్వుకుంది.

మేడం ఒకసారి జెరూషాను చూసింది, ఒకసారి వీధి తలుపును చూసింది. తరవాత నిదానంగా, ఒక్కో మాటా విడివిడిగా పలుకుతూ ఏదో చెప్పింది. రమీజాకు అందులో మూడు ముక్కలే అందాయి. ‘నో’ అన్నది ఒకటి, ‘ఖమర్’ అన్నది ఒకటి, ‘టీ’ అన్నది ఒకటి. చెప్పడం అయ్యాక మేడం సోఫా మీదున్న తన హ్యాండ్‌బ్యాగు తీసుకొని చంకలో పెట్టుకుంది. అది ఐదేళ్ళుగా ఆ సోఫా మీదే పడి ఉండే బ్యాగు. దాన్ని రమీజా రోజూ తీసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేది.

రమీజా వంటింట్లోకి వచ్చి పొయ్యి వెలిగించింది. చేతులు వాటంతటవే నీళ్ళు పోశాయి, పొడి వేశాయి. వెనకాలే జెరూషా వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

“ఏమన్నాది?” అంది రమీజా, వెనక్కి తిరక్కుండానే. “పోలీసుకు చెప్తాదంటనా?”

“లేదు” అంది జెరూషా. “వినలేదంటున్నారు. నువ్వేమీ చెప్పలేదంట, ఆవిడేమీ వినలేదంట. విన్నానని ఒప్పుకుంటే పోలీసులకి చెప్పాల్సి వస్తుందట, లేకపోతే ఆవిడ మీదికీ వస్తుందట. నువ్వు ఖమర్‌వే. ఎప్పటికీ ఖమర్‌వే. ఆ రెండో పేరు ఇంక ఈ ఇంట్లో వినపడకూడదు. ఐదింటికి గెస్టులొస్తారు, టీ పెట్టమన్నారు.”

అంటే డ్యూటీ పోలేదు. పర్వీన్ చదువు ఆగదు. జైలూ లేదు. ఇన్నాళ్ళూ అల్లాను అడిగింది ఇదే కదా, ఇంకేం కావాలి? సంతోషించాలి. రమీజా సంతోషిద్దామని చూసింది. యాభై కొరడా దెబ్బలు తిన్నా సరే, వాడి పేరు వాడికిచ్చారు. తనకు దెబ్బలూ లేవు, పేరూ లేదు.

“నువ్వు కూడా వినలేదా, జెరూషమ్మా?” అంది ఎగతాళిగా. ఇప్పుడు ఈమె ఒకతె ఉంది కదా, విన్నది. రేపటినుంచీ ఈమె మొహం చూసి బతకాలి.

జెరూషాకూ ఉద్యోగం ఉంది, ఆమెకూ భయం ఉంది. అయినా దగ్గరికి వచ్చి, గొంతు బాగా తగ్గించి అడిగింది: “మీ అక్క ఎలా పోయింది చెల్లీ?”

అక్కా అనడం మానేసింది. చెల్లీ అంది. ఐదేళ్ళలో రమీజాను ఆమె వయసుకు తగినట్టు పిలిచిన మొదటి మనిషి.

“ఖమర్!” అని హాల్లోంచి మేడం పిలిచింది. ఎప్పటిలాగే పిలుద్దామని చూసింది గాని, గొంతు కొంచెం పైకి పోయింది.

రమీజా కదల్లేదు.

“పిలుస్తున్నారు” అంది జెరూషా.

“ఖమర్ లేదు జెరూషమ్మా.” స్టవ్ గట్టు రెండు చేతులతో పట్టుకుంది. “సచ్చిపోయినాది. కామెర్లొచ్చి సచ్చిపోయినాది మా యక్క. నాలుగు నెల్లాయ. ముక్కుపుడక తీసింది నేను, దెబ్బలు తినింది మా యక్క. రాయి గూడా ల్యా దాని మీద, పేరు గూడా ల్యా...” అంతే, ఇంక మాట రాలేదు. గొంతులో నాలుగు నెలలుగా అడ్డం నిలబడింది ఒక్కసారిగా ఊడి వచ్చింది. జెరూషా తన తెల్లచీర కొంగు ఆమె నోటికి అడ్డం పెట్టి, చప్పుడు బయటికి పోకుండా రెండు చేతులా పొదువుకుంది. కొంగు తడిసి ముద్దయింది.

“ఖమర్!” మళ్ళీ పిలుపు. బయట బెల్లు మోగింది, ఎవరో వచ్చారు.

రమీజా కుళాయి తిప్పి మొహం కడుక్కుంది. టీ కప్పుల్లోకి వంచింది, ఒక్క చుక్క కూడా సాసర్లో పడనివ్వలేదు. ట్రే ఎత్తుకొని, తలుపును భుజంతో తోసింది.

“యెస్, మేడం” అంది.